జాన్ ఉన్న ఎర మనకెందుకు?

మొన్న ఆదివారం అసర్ నమాజు అయ్యాక మా ఆత్మకూరు చెరువు కట్ట మీద నలుగురు పిల్లలు గాలాలేసుకుని కూర్చునుంటే నేనూ పోయి కూర్చున్నా. వాళ్ళలో ఒకడు ఎర్రను మధ్యకు తుంచి గాలానికి గుచ్చుతున్నాడు. తుంచిన ముక్క కూడా మెలికలు తిరుగుతోంది. వెంట వచ్చిన నా చిన్న కూతురు, ఏడేళ్ళది, నా చొక్కా పట్టుకుని లాగింది.

"అబ్బా, దానికి నొప్పి పుట్టదా?"

జవాబు చెప్పలేకపోయా. ఎందుకంటే ఆ పని నాకు నేర్పింది మా అబ్బాయే.

మర్హూమ్ అబ్బాకి చేపల షికార్ అంటే మహా షౌక్. కొర్రమేను కోసమైతే ఎర్రలు చాలవు, బతికున్న కప్ప కావాలి. దాన్ని వెన్ను మీద గుచ్చి, చావకుండా చూసుకుని, నీళ్ళ మీద ఈదిస్తారు. అది ఎంతసేపు కాళ్ళు కొట్టుకుంటే అంత మంచి ఎర. ఆ కప్పల్ని పట్టి డబ్బాలో వేసి ఇచ్చేవాణ్ణి నేనే. అబ్బా ఐదు పూటలా నమాజీ. గుమ్మంలోకొచ్చిన ఫకీరుని ఏనాడూ వట్టి చేతుల్తో పంపలేదు. కానీ కప్ప సంగతి ఆయనకెవరూ చెప్పలేదు, ఆయనకూ అడగాలని తోచలేదు. ఇప్పుడు నేను మాట్లాడితే అబ్బా మీద షికాయత్ చేసినట్టు అవుతుందని ఇన్నాళ్ళూ ఊరుకున్నా. నా కూతురు అడిగాక ఊరుకోవడం కుదరలేదు.

చేపలు పట్టడం మనకు హలాల్. సూరా మాయిదా 96వ ఆయత్‌లో నీటి షికార్‌కు ఇజాజత్ ఉంది. చేపకు జబహ్ కూడా అక్కర్లేదు. అందులో తకరార్ లేదు. తకరార్ అంతా ఎర దగ్గరే. జాన్ ఉన్న దేన్నీ గురిపెట్టి కొట్టే వస్తువుగా చేసుకోవద్దని హుజూర్ (స) మనా చేసిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. మందులోకి కప్పను వాడొచ్చా అని ఒక హకీమ్ అడిగితే, కప్పను చంపొద్దన్నారని అబూ దావూద్‌లో ఉంది. రోగికి మందు కోసమే వద్దన్నప్పుడు, మన కూర కోసం దాన్ని బతికుండగానే గాలానికి గుచ్చడం ఎట్టా కుదురుతుంది? బతికున్న పురుగును గుచ్చడం మక్రూహ్, చచ్చినదైతే పర్వాలేదు అన్న ఉలమా ఉన్నారు. నేను ముఫ్తీని కాను. మసలా మీకు దగ్గరున్న ఆలిమ్ సాబ్‌ను అడగండి. నా రాయ్ మాత్రం ఇది: జాన్ ఉన్న ఎర మనకు అక్కర్లేదు. అది లేకుండా చేప పడే దారి ఉంది, అది మన ఇళ్ళల్లోనే ఉంది.

ఆ దారి నాకు దొరికింది మాత్రం ట్రౌట్ చేపల వాళ్ళ దగ్గర. ట్రౌట్ చల్లటి నీళ్ళ చేప. 1900 ప్రాంతంలో ఇంగ్లీషోళ్ళు దాన్ని కాశ్మీరుకూ, తర్వాత నీలగిరులకూ తెచ్చి వదిలారు. మన పెన్నా నీళ్ళ వేడికి అది బతకదు. ఆ చేప తినే తిండిలో ఎక్కువ భాగం నీటి లోపల పాకే చిన్న చిన్న పురుగులు. రెక్కలు రాకముందు ఇంకా నీళ్ళలోనే ఉండే ఆ పిల్ల పురుగును 'నింఫ్' అంటారు. మన చెరువులో తూనీగ పిల్లలు కూడా అట్టాంటివే. ఆ నింఫ్‌ను ఈకతో, దారంతో గాలం మీద కట్టేస్తారు. ఇంగ్లండులో ఏవన్ నది కాపలాదారుగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ అనే ఆయన అసలు దారమే వాడకుండా, ఫెజెంట్ పిట్ట తోక ఈక నాలుగు పోచలు, సన్నటి రాగి తీగ, ఈ రెంటితోనే నింఫ్ కట్టాడు. 1958లో పుస్తకం కూడా రాశాడు. ప్రపంచమంతా ఇప్పటికీ ఆ నింఫ్ కడుతోంది.

ఫెజెంట్ మనకు యాడ దొరుకుద్ది? నెమలీక జోలికి పోవద్దు, ఆ పక్షికి 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. గోధుమరంగు నాటుకోడి తోక ఈక చాలు. రాగి తీగ కోసం మోటార్ వైండింగ్ షాపుకి పోతే కాలిపోయిన ఫ్యాన్ లోంచి ఒక గుప్పెడు ఊరికే ఇచ్చాడు. గాలాలు 14వ నంబరువి కొన్నా. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది, అది గుర్తుంచుకోండి.

ఇంట్లో కూర్చుని కట్టబోతే నా మొద్దు వేళ్ళకి అది కుదరలేదు. అన్నీ సంచిలో వేసుకుని బస్సెక్కి ఉదయగిరి పోయా, మా ఖాలా దగ్గరికి. ఉదయగిరి చెక్క చెంచాలు మీకు తెలుసు కదా, జి.ఐ. గుర్తింపు వచ్చిన హునర్. దిలావర్‌భాయి వీధిలో మన ఆడవాళ్ళు ఆకురాయితో అరగదీసి అరగదీసి చెక్కలోంచి పూలపిడి చెంచాలు తీస్తారు. ఖాలా వేళ్ళు నలభై ఏళ్ళుగా అదే పనిలో ఉన్నాయి. గాలం చేతిలో పెట్టుకుని చూసి నవ్వింది. "క్యా రే, ఇత్తాచ్ నా?"

కటింగ్ ప్లేయర్ నోట్లో గాలం ఇరికించి, పిడికి రబ్బరు బ్యాండు చుట్టాం. మిషను దారం గాలం కన్ను దగ్గర మొదలుపెట్టి వెనక్కి వంపు దాకా చుట్టాలి. అక్కడ నాలుగు ఈక పోచలు కట్టాలి, కొసలు కాస్త తోకలాగా బయటికి ఉండాలి. అక్కడే రాగి తీగ కట్టాలి. పోచల్ని ముందుకు చుట్టుకుంటూ వస్తే ఒళ్ళు తయారు. దాని మీద తీగను ఎదురు దిక్కులో ఎడం ఎడంగా చుట్టాలి. తీగ బరువుకి పురుగు మునుగుతుంది, ఈక చిరగదు, కాస్త మెరుస్తుంది కూడా. కన్ను దగ్గర కొంచెం లావుగా చుట్టి ముడేస్తే అయిపోయింది. ముడి ఊడకుండా ఒక చుక్క నెయిల్ పాలిష్ పెట్టాలి. ప్రతి ఇంట్లో ఒకటుంటుంది కదా, షాదీకి కొని ఒక పూట పెట్టుకుని, వుజూ కాదని తుడిచేసి బీరువాలో పడేసింది. అది ఇట్టా పనికొచ్చింది.

మొదటిది వంకరగా వచ్చింది. నాలుగోది చూసి నా కూతురు నిజం పురుగనుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది.

చెరువులో వేస్తే మొదటి రెండు సాయంత్రాలు ఒక్కటీ పడలేదు, అబద్ధం చెప్పను. నేను బెండు మరీ పైకి కట్టి, కదిలించకుండా ఊరికే వదిలేశా. మూడో రోజు నీటి అడుగుకి దిగనిచ్చి, కర్రని నిదానంగా కాస్త కాస్త పైకి లేపితే మగ్రిబ్ లోపల రెండు పరిగెలు, ఒక జిలేబి పడ్డాయి. ముగ్గురికి పులుసు చాలింది.

మామూ అడిగాడు, గోధుమపిండి ముద్ద చాలదా అని. చాలు. రోహుకు అదే మంచిది. పిండి వాడేవాళ్ళు నింఫ్ కట్టకపోయినా పర్వాలేదు, ఎర్రను మాత్రం వదిలేయండి. కొర్రమేను మీద షౌక్ ఉన్నవాళ్ళకి రబ్బరు కప్పలు షాపుల్లోనే అమ్ముతున్నారు. "చేపకి ధోకా చెయ్యడం కాదా?" అని కూడా అన్నాడు నవ్వుతూ. మామూ, పిండి ముద్ద లోపల గాలం దాచడం మాత్రం అమానతా? షికార్‌లో ఉపాయం ఉంటుంది. నేను వద్దనేది అక్కర్లేని బాధను.

అందుకే ఇంకో మాట. ట్రౌట్ వాళ్ళ హునర్ తీసుకున్నా గానీ, వాళ్ళలో చాలామందికున్న ఒక అలవాటు నాకు నచ్చలేదు. చేపని గాలంతో లాగి, ఫొటో తీసుకుని మళ్ళీ వదిలేస్తారు. అది రహమ్ అనుకుంటారు. తినే నియ్యత్ లేకుండా నోరు చీల్చడం తమాషాయే కదా. సోమశిల కాడ మన కుర్రాళ్ళూ సెల్ఫీల కోసం ఇదే మొదలుపెట్టారు. ఇంటికి కావలసినన్ని పట్టుకోండి, గాలం చుట్టేసి వచ్చేయండి. చిన్న పిల్ల చేప పడితే వదలండి, అది వేరే సంగతి.

అబ్బా గాలాల డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది. కప్ప గాలాలు పక్కన పెట్టేసి, ఖాలా కట్టిన పన్నెండు నింఫ్‌లు అందులో సర్దా. నా కూతురు అడిగింది, "దాదాకి తెలీదా అబ్బా?" అని. "తెలీదు బేటీ. ఎవరన్నా చెప్పుంటే ఆయన మానేసేవాడు" అన్నా. ఆయన సంగతి నాకు తెలుసు కాబట్టే అంత ధైర్యంగా అన్నా.

మీ ఇంట్లో గాలం పట్టే పిల్లలుంటే ఈ ముక్క చెప్పండి. మా అబ్బా మగ్ఫిరత్ కోసం ఒక దువా చేయండి.