చెరువుకు తెలిసిన పాఠం

బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువుల మీద బతికే ఇళ్లల్లో రాత్రిపూట కరెంటు పోతే పెద్దవాళ్లకు కంటి మీద కునుకుండదు. ఏరియేటర్లు ఆగిపోతాయి. తెల్లవారుజామున రొయ్య పైకి తేలిందంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) పడిపోయినట్టే. పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ పిల్లలే బడిలో కిరణజన్య సంయోగక్రియను ఒకచోట, శ్వాసక్రియను ఇంకోచోట చదువుతారు. బీకరులో హైడ్రిల్లా, పైన బోర్లించిన గరాటు, బుడగలు. బొమ్మ వేసి భాగాలు గుర్తిస్తే మార్కులు. ఇటు చెరువులో చూస్తే, నీటికి పచ్చరంగునిచ్చే సన్నటి నాచు పగలు ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడ్డాక వదలడం ఆపేస్తుంది గాని, పీల్చుకోవడం మానదు. రొయ్యలూ, అడుగున కుళ్లే మేతా అదే ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. అందుకే తెల్లారేసరికి అది అడుగంటుతుంది. విడివిడిగా చదివిన రెండు పాఠాలూ ఆ నీళ్లలో కలిసే ఉన్నాయి.

పుస్తకాన్ని తప్పుపట్టడం లేదు. శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా ఒకటే పుస్తకం, అందులో అన్ని ఊళ్లూ పట్టవు. పాఠాన్ని తమ ఊరికి కలిపే పని టీచర్లదే. అయితే హైడ్రిల్లా బొమ్మ తీసేసి రొయ్యల చెరువు బొమ్మ అతికిస్తే పాఠం చెడుతుంది. వెలుగుంటేనే బుడగలొస్తాయని కళ్లారా చూపించేది ఆ బీకరే. అది ఉండాలి, చెరువు ప్రశ్న దాని వెనకాల రావాలి. ఈ ప్రయోగం ఎందుకు పెట్టామో, ఇందులో ఏది మార్చొచ్చో, ఏది కదపకూడదో టీచర్ల కరదీపికలో రాసి ఇవ్వాలి. నా దృష్టిలో అన్నిటికంటే ముందు కావలసింది ఇదే.

విజయవాడ సింగ్‌నగర్‌లో సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఇళ్లల్లోకి వచ్చింది. నీటి శుద్ధి పాఠానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు: పటిక వేస్తే బురద పేరుకుంటుంది, తేటపడిన నీళ్లలో క్రిములు మాత్రం మిగిలే ఉండొచ్చు, కాచాలి, లేదా క్లోరిన్ వేయాలి. కానీ సామానంతా నీళ్లపాలైన ఇంటి బిడ్డ అదే తరగతిలో కూర్చుని ఉంటుంది. ఆ వరద మాట ఎప్పుడు ఎత్తాలో, ఎంతవరకు మాట్లాడాలో ఆ తరగతి టీచరుకే తెలుస్తుంది.

ఇలాంటి నిర్ణయాలు ఒంటరిగా తీసుకోవడం కష్టం. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో 1972లో 16 బడులతో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమంలో టీచర్లు నెలనెలా కలిసి, ఏ ప్రయోగం నడిచిందో, ఏది నడవలేదో చెప్పుకునేవారు. వాళ్ల అనుభవాన్ని బట్టి పుస్తకాలను తిరగరాశారు. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేయడం బాధాకరం. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు మనకూ ఉన్నాయి. సర్క్యులర్లు, లెక్కలు పక్కనపెట్టి వాటిలో ఒక గంట సైన్సు టీచర్లకు వదలండి. తాము మార్చి చెప్పిన ఒక్క పాఠాన్ని, పిల్లలు రాసిన జవాబులతో సహా, తోటివాళ్ల ముందు పెట్టనివ్వండి. అక్కడ తేలిన మాట పాఠ్యపుస్తకాలు చూసే ఎస్సీఈఆర్టీకి చేరి, పుస్తకం మలి ముద్రణలో కనబడాలి.