నడుం నొప్పికి రెండు వైద్యాలు – జవాబుదారీ ఎవరిది?

కొన్ని నెలల క్రితం మా బస్తీ సంఘం సమావేశం ముగిశాక, నాలుగిళ్ళలో పాచిపని చేసే ఒక సభ్యురాలు మడత పెట్టిన కరపత్రం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. సూదుల వైద్యం, వెన్నుపూసల సర్దుబాటు రెండూ కలిపి చేస్తారట. మందుల్లేవు, ఆపరేషన్ లేదు, పది సిట్టింగుల్లో నడుం నొప్పి మాయం. డబ్బు మాత్రం మొత్తం ముందే కట్టాలి. "పొదుపు సంఘంలో అప్పు తీసుకుని కడదామనుకుంటున్నా. పొమ్మంటావా అక్కా?" అని అడిగింది.

ఇలాంటి ప్రశ్నకు మన దగ్గర రెండు సిద్ధ సమాధానాలుంటాయి. ఒకటి, ఇదంతా మోసం, పెద్దాసుపత్రికి వెళ్ళు అనడం. రెండోది, ఇంగ్లీషు మందుల కంటే ఇదే నయం, దీనివల్ల ఏ నష్టమూ ఉండదు అనడం. ఆ రోజు నేను రెండూ చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో ఆలోచిస్తూ, చదువుతూ, నలుగురితో మాట్లాడుతూ నేను చేరుకున్న అభిప్రాయాలను ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

ముందుగా, ఆమె ఆ కరపత్రం దాకా ఎందుకు వచ్చిందో చూడాలి. ఐదేళ్ళుగా నడుం నొప్పి. ప్రభుత్వాసుపత్రిలో రెండు నిమిషాలు చూసి నొప్పి మాత్రలు రాశారు. ఒక ప్రైవేటు డాక్టరు నడుముకు బెల్టు కట్టుకోమన్నాడు. ఇంకో చోట స్కానింగు తీసి, పిల్లలు పుట్టేశారు కదా, గర్భసంచి తీసేస్తే నొప్పి పోతుందన్నారు. రోజుకు ఎన్ని బిందెలు మోస్తావు, ఎన్ని గంటలు వంగి పనిచేస్తావు, రాత్రి ఎంతసేపు నిద్రపోతావు అని ఒక్కరూ అడగలేదు.

గర్భసంచి మాట ఆమె ఒక్కదానికే ఎదురైంది కాదు. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. అనవసరంగా గర్భసంచులు తీసేయడం మీద వేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు ఆదేశాలివ్వవలసి వచ్చింది. నడుం నొప్పితో, తెల్లబట్టతో వెళ్ళి గర్భసంచి పోగొట్టుకుని, నడుం నొప్పిని మాత్రం అలాగే ఇంటికి తెచ్చుకున్న ఆడవాళ్ళు మనలో ఎంతమందికి తెలియదు? అందుకే "కత్తి పెట్టం, మందులివ్వం" అన్న మాట మనవాళ్ళకు అంత ఊరటగా వినబడుతుంది. ఆ ఊరటను ఎగతాళి చేసే హక్కు మనకు లేదు.

ఇక ఈ రెండు వైద్యాల సంగతి. ఆక్యుపంక్చర్ చైనాది. వెంట్రుకలాంటి సన్నని సూదులను శరీరంలో కొన్ని నిర్ణీత బిందువుల్లో గుచ్చి కాసేపు ఉంచుతారు. కైరోప్రాక్టిక్ అమెరికాది. 1895లో అయొవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో డేనియల్ డేవిడ్ పామర్ మొదలుపెట్టాడు. వెన్నుపూసల కీళ్ళను చేతులతో ఒక్కసారిగా నొక్కి కదిలిస్తారు. అతను మొదట వైద్యం చేసిన హార్వీ లిలార్డ్ ఒక నల్లజాతి పారిశుధ్య కార్మికుడు. సూదులు కండరాల బిగువునూ నొప్పినీ తగ్గిస్తే, ఆ తరువాత కీలు కదల్చడం తేలికవుతుందన్నది రెండింటినీ కలిపేవారి వాదన. ఇలా కలిపి చేసేదాన్నే అమెరికాలో సమీకృత వైద్యంలో భాగంగా చెబుతున్నారు. అక్కడి నుంచే ఆ పేరూ, ఆ పద్ధతీ మన నగరాలకు వచ్చాయి.

అమెరికాలో ఈ రెండూ సులువుగా నిలబడలేదు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1963లో ఒక కమిటీ వేసి మరీ కైరోప్రాక్టిక్‌ను రూపుమాపాలని చూసింది. 1976లో చెస్టర్ విల్క్, మరికొందరు కైరోప్రాక్టర్లు కోర్టుకెక్కారు. 1987లో న్యాయమూర్తి సూజన్ గెట్జెండానర్ ఆ సంఘం చట్టవిరుద్ధంగా కుట్ర చేసిందని తీర్పిచ్చింది. 1990లో పై కోర్టు దాన్ని ఖాయం చేసింది. అయితే ఆ తీర్పు చెప్పింది ఒక వృత్తిని గుత్తాధిపత్యంతో అణగదొక్కడం తప్పు అని మాత్రమే. ఆ వైద్యం పనిచేస్తుందా లేదా అన్నది తాను తేల్చడం లేదని న్యాయమూర్తి స్పష్టం చేసింది. ఈ తేడాను మనం మరిచిపోకూడదు. అణచివేతకు గురైనంత మాత్రాన ఒక వైద్యం నిజమైపోదు. పెద్ద డాక్టర్లు కాదన్నంత మాత్రాన అబద్ధమూ కాదు.

ఆక్యుపంక్చర్ అమెరికాకు రెండు దారుల్లో వెళ్ళింది. 1971లో చైనా వెళ్ళిన పత్రికా రచయిత జేమ్స్ రెస్టన్, పెకింగులో అపెండిక్స్ ఆపరేషన్ తరువాత తనకు చేసిన సూదుల వైద్యం గురించి న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. దానితో చదువుకున్న వర్గాల్లో ఆసక్తి పెరిగింది. రెండో దారి పేదలది. న్యూయార్కులోని సౌత్ బ్రాంక్స్‌లో లింకన్ ఆసుపత్రి ఉంది. 1970 నవంబరులో యంగ్ లార్డ్స్ అనే ప్యూర్టోరికన్ యువ సంస్థ, ఇతర ఉద్యమకారులు ఆ ఆసుపత్రిలో కొంత భాగాన్ని ఆక్రమించి, మత్తుమందులకు బానిసలైన తమ వాళ్ళకోసం వైద్య కార్యక్రమం పెట్టించారు. కొన్నేళ్ళకే చెవి మీద సూదులు గుచ్చే పద్ధతిని అక్కడ నేర్చుకుని వాడారు. 1978లో నగర ప్రభుత్వం ఆ ఉద్యమకారులను బయటికి నెట్టేసింది. వాళ్ళు వాడిన పద్ధతి మాత్రం మిగిలి, దేశమంతా పాకింది. మన దేశానికీ సూదుల వైద్యం ఇలాంటి దారినే వచ్చింది. 1938లో కోట్నిస్‌తో పాటు చైనా వెళ్ళిన వైద్య బృందంలోని డాక్టర్ బి.కె. బసు, తరువాత ఆ విద్య నేర్చుకుని కలకత్తాలో ఆచరించాడు.

అంటే ఒకే సూది ఒక చోట ప్రజల చేతిలో ఉంది, మరో చోట ప్యాకేజీగా అమ్ముడుపోతోంది. సూది మంచిదా చెడ్డదా అన్నదానితో పాటు, అది ఎవరి అదుపులో ఉంది అన్నది కూడా మనం అడగాలి.

మరి పనిచేస్తుందా? జర్మనీలో 1,162 మంది నడుం నొప్పి రోగులపై చేసిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2007లో వచ్చాయి. ఆరు నెలల తరువాత చూస్తే, సరైన బిందువుల్లో సూదులు గుచ్చినవారిలో 47.6 శాతం మందికి మేలు కనబడింది. బిందువులు కాని చోట పైపైన గుచ్చినవారిలో 44.2 శాతం. మందులు, వ్యాయామం వంటి మామూలు వైద్యం పొందినవారిలో 27.4 శాతం. బిందువుల సిద్ధాంతాన్ని గట్టిగా నమ్మేవారికి ఇది ఇబ్బందికరమైన లెక్క. రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపే వైద్యానికి అంతకంటే ఇబ్బందికరమైనది. మనిషిని పడుకోబెట్టి, తాకి, అరగంట పట్టించుకోవడంలో కూడా మేలు ఉందేమోనని నాకనిపిస్తుంది.

కైరోప్రాక్టిక్ మీద అమెరికా సైన్యంలో 750 మందితో చేసిన పరిశోధన 2018లో వెలువడింది. మామూలు వైద్యానికి దీన్ని జోడించినప్పుడు ఆరు వారాల్లో నొప్పి కొంత ఎక్కువగా తగ్గింది. కానీ వాళ్ళంతా 18-50 ఏళ్ళ సైనికులు. అందులో స్త్రీలు నాలుగో వంతు కూడా లేరు. నాట్లు వేసీ, బీడీలు చుట్టీ, బిందెలు మోసీ అరిగిన శరీరానికి ఆ ఫలితాన్ని అలాగే అంటగట్టలేం. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పిపై ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామం, అవగాహన కల్పించడంతో పాటు సూదుల వైద్యానికీ, వెన్ను సర్దుబాటుకూ చోటు ఉంది. అయితే ఆధారాలు బలహీనమైనవేనని కూడా చెప్పింది. మనవాళ్ళకు అలవాటుగా రాసే నడుం బెల్టును మాత్రం మామూలుగా వాడొద్దంది.

ఇక్కడొక విషయం గమనించాలి. నేను చెప్పిన ఈ పరిశోధనలు ఒక్కో వైద్యాన్ని విడివిడిగా చూసినవే. రెండూ కలిపితే రెట్టింపు మేలని ఇవి చెప్పలేదు. కలిపితే రెట్టింపయ్యేది ఖచ్చితంగా ఒక్కటే, బిల్లు.

ప్రమాదాల గురించి కరపత్రాలు చెప్పవు. శుభ్రం లేని సూదులతో అంటురోగాలు వస్తాయి. ఛాతీ మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి రంధ్రం పడిన సందర్భాలున్నాయి. మెడను ఒక్కసారిగా తిప్పాక మెడలోని రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన కేసులు అరుదుగానైనా నమోదయ్యాయి. దానికి కారణం తిప్పడమేనా, అప్పటికే మొదలైన చీలిక నొప్పితోనే వాళ్ళు అక్కడికి వెళ్ళారా అన్నది వివాదం. స్త్రీల విషయంలో మరో మాట ఉంది. ముట్లుడిగాక ఎముకలు గుల్లబారతాయి. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేసిన వాళ్ళకు ఇది చిన్న వయసులోనే మొదలవుతుంది. అలాంటి వెన్ను మీద గట్టిగా నొక్కితే పూసలు విరగొచ్చు. అంటే అనవసరపు ఆపరేషన్ చేయించుకున్న స్త్రీకే ఈ రెండో వైద్యం వల్ల కూడా ఎక్కువ ముప్పు. ఆ సంగతి అడగకుండా బల్లమీద పడుకోబెట్టడం నేరంతో సమానమని నా అభిప్రాయం.

జవాబుదారీ సమస్య ఇక్కడే మొదలవుతుంది. మన కేంద్ర ప్రభుత్వం 2019లో ఆక్యుపంక్చర్‌ను స్వతంత్ర వైద్య విధానంగా గుర్తించింది. పశ్చిమ బెంగాల్‌లో 1996లోనే, మహారాష్ట్రలో 2015లో దీనికోసం చట్టాలు చేశారు. కైరోప్రాక్టిక్‌కు మన దేశంలో ప్రత్యేక చట్టం గానీ, చట్టబద్ధమైన మండలి గానీ లేవు. కనుక రెండూ కలిపి చేసే చోట, సూదికి ఒక చదువు, చేతికి ఇంకో చదువు ఉండాలన్న సంగతే మరుగున పడిపోతుంది. అమెరికాలో కూడా ఈ గొడవ ఉంది. కొన్ని రాష్ట్రాల్లో కైరోప్రాక్టర్లు వంద గంటల అదనపు శిక్షణతోనే సూదులు గుచ్చవచ్చు. అదే పనికి ఆక్యుపంక్చర్ నిపుణులు మూడేళ్ళకు పైగా చదవాలి.

అయితే అక్కడి నుంచి నేర్చుకోవలసింది కూడా ఒకటుంది. 65 ఏళ్ళు దాటినవారికి ఉండే మెడికేర్ అనే ప్రభుత్వ బీమా, వెన్ను సర్దుబాటుకు 1970ల నుంచీ డబ్బు చెల్లిస్తోంది. ఆక్యుపంక్చర్‌కు 2020 నుంచి, దీర్ఘకాలిక నడుం నొప్పికి మాత్రమే చెల్లిస్తోంది. 90 రోజుల్లో 12 సార్లు. మేలు కనబడితేనే మరో 8 సార్లు. కనబడకపోతే ఆపేయాలి. ఏడాదికి 20కి మించకూడదు. పేదరాలి దగ్గర పది సిట్టింగుల డబ్బు ముందే తీసుకునే పద్ధతిని దీని పక్కన పెట్టి చూడండి. అక్కడ గుణం కనబడకపోతే వైద్యం ఆగుతుంది. ఇక్కడ గుణం కనబడకపోయినా అప్పు ఆగదు.

అందుకే ఈ వైద్యాలను నిషేధించమని గానీ, నెత్తిన పెట్టుకొమ్మని గానీ నేను అనడం లేదు. కలిపి వైద్యం చేసేవారు విడివిడిగా జవాబు చెప్పాలంటున్నాను. సూది ఎవరు గుచ్చుతారు, వెన్ను ఎవరు నొక్కుతారు, ఎవరి చదువు ఏమిటి అన్నది గోడమీద తెలుగులో రాసి ఉండాలి. డబ్బు ఏ సిట్టింగుకు ఆ సిట్టింగే తీసుకోవాలి. ఎన్ని వారాల్లో మేలు కనబడకపోతే ఆపుతారో మొదటి రోజే చెప్పాలి. మెడ తిప్పే ముందు విడిగా అనుమతి అడగాలి. వద్దు అనే హక్కు బల్లమీద పడుకున్నాక కూడా ఉంటుంది. పరీక్షకు బట్టలు తీయవలసి వస్తే మరో స్త్రీ పక్కన ఉండాలి. కాళ్ళ మధ్య తిమ్మిరి, మూత్రం పట్టు తప్పడం, జ్వరం, బరువు తగ్గిపోవడం వంటి లక్షణాలుంటే సూదీ వద్దు, నొక్కుడూ వద్దు, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. కనుక రసీదు అడిగి తీసుకోవడం మన సంఘాల్లో అలవాటు కావాలి.

ప్రభుత్వాన్ని అడగవలసిందీ ఉంది. హైదరాబాదులో ప్రభుత్వ ప్రకృతి చికిత్సా కళాశాల, దానికి ఆసుపత్రీ ఉన్నాయి. ఆ డిగ్రీ చదువులో ఆక్యుపంక్చర్ కూడా ఒక పాఠ్యాంశం. అక్కడ చదివినవారిని, ఫిజియోథెరపిస్టులను మండల స్థాయి ఆసుపత్రులకు ఎందుకు పంపరు? పొద్దున్నే పనికి పోయే స్త్రీలకు అందేలా సాయంత్రం వేళ ఎందుకు కూర్చోబెట్టరు?

ఒకప్పుడు హైదరాబాదులో స్త్రీలు కూర్చుని 'సవాలక్ష సందేహాలు' పుస్తకం తయారుచేశారు. మన శరీరం గురించి ప్రశ్న అడగడం మన హక్కు అని ఆ పుస్తకం ఒక తరానికి నేర్పింది. ఆ ప్రశ్నలు ఇంగ్లీషు వైద్యానికే పరిమితం కానక్కర్లేదు. "ప్రకృతి", "సమీకృతం" అన్న మెత్తటి మాటల ముందు కూడా అవే ప్రశ్నలు వేయాలి.

మా సభ్యురాలు ఈ ప్రశ్నల్లో నాలుగు కాగితం మీద రాయించుకుని ఆ కరపత్రం వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఏ సిట్టింగుకు ఆ సిట్టింగు కడతానంటే కుదరదన్నారు. వెన్ను నొక్కేవారి చదువేమిటంటే, ముందు డబ్బు కట్టు, తరువాత చెబుతామన్నారు. ఆమె తిరిగి వచ్చేసింది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో వ్యాయామాలు నేర్చుకుంటోంది. వెళ్ళిన రోజల్లా సగం పూట పని పోతుంది. నొప్పి కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. పోదు కూడా. ఎందుకంటే నాలుగిళ్ళ పని అలాగే ఉంది, ఇంట్లో బిందెలు ఆమే మోయాలి. ఆ బరువును ఏ సూదీ దించలేదు. దాన్ని పంచుకోమని ఇంట్లోవాళ్ళతో, సెలవు ఇమ్మని పనిచ్చేవాళ్ళతో, నల్లా వేయమని మునిసిపాలిటీతో మనమే కొట్లాడాలి. నడుం నొప్పి గురించి మన సంఘాల్లో మాట్లాడుకునేటప్పుడు ఈ మాట కూడా వైద్యంలో భాగంగానే ఉండాలని కోరుతున్నాను.