మెంబరెవరు, చుట్టమెవరు?

ఏజెన్సీలో 1/70 చట్టం మాట ఎత్తిన ప్రతిసారీ మనకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది. "ఒకే దేశంలో ఉంటూ లోపలివాళ్లు, బయటివాళ్లు అనడమేంది? ఎవరైనా ఎక్కడైనా ఉండొచ్చు, ఎక్కడైనా భూమి కొనుక్కోవచ్చు. మీరు గిరి గీసుకుని కూర్చుంటే అభివృద్ధి ఎట్లొస్తది?" కొట్టు పెట్టుకున్న షావుకారి అదే అంటాడు, హనుమకొండలో మీటింగు పెట్టిన నాయకుడూ అదే అంటాడు. కాలేజీల్లో చదువుతున్న మన పిల్లలు కొందరు జవాబు తెలియక తల వంచుకుంటున్నారు. ఆ జవాబు వెతకడానికి ఈసారి మనం అడవి దాకా పోనవసరం లేదు. డబ్బున్నవాళ్ల గోల్ఫ్ క్లబ్బు గేటు దాకా పోతే చాలు.

గోల్ఫ్ మన ఆట కాదు. మన గూడేల పిల్లలు దాన్ని టీవీలో చూసి ఉంటే చూసి ఉంటారు. చిన్న తెల్ల బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి 18 గుంతల్లో వేసే ఆట అది. అట్లాంటి మైదానానికి వంద ఎకరాలకు పైగా భూమి కావాలి. కొద్దిమంది ఆడుకోవడానికి అంత భూమి పట్టుకున్నప్పుడు, లోపలికి ఎవరు రావాలి, ఎవరు రాకూడదు అనే పట్టింపు కూడా అంతే పెద్దగా ఉంటుంది.

ఆ క్లబ్బుల్లో మెంబర్లుంటారు, విజిటర్లుంటారు. విజిటరు అంటే ఒక పూట ఆడిపోవడానికి వచ్చే చుట్టం. చాలా క్లబ్బుల్లో అతను ఎవరో ఒక మెంబరు వెంట రావాలి, లేదా ముందుగానే పేరు రాయించుకోవాలి. గ్రీన్ ఫీజు కట్టాలి. కాలరున్న చొక్కా తొడుక్కోవాలి. సెలవు రోజు పొద్దుటి పూట మెంబర్లది, అతనిది కాదు. క్లబ్బు ఎన్నికల్లో అతనికి ఓటు లేదు. ఇంత చేసినా మెంబర్ల గొణుగుడు ఆగదు. విజిటర్లు ఆట సాగదీస్తారని, పచ్చికను పెళ్లగించి పూడ్చకుండా పోతారని, తమకు దక్కాల్సిన వేళలు వాళ్లకు పోతున్నాయని అంటారు. అయితే ఆ విజిటర్లు కట్టే ఫీజు వల్లనే తమ చందా పెరగకుండా ఉందని కూడా వాళ్లకు తెలుసు. డబ్బు కావాలి, మనిషి మాత్రం బరువు. చుట్టం తెచ్చిన సంచీ ముద్దు, చుట్టం కాదు.

దీన్ని ఎవరైనా సంకుచితమంటారా? దేశాన్ని విడగొడుతున్నారంటారా? ఎవరూ అనరు. "క్లబ్బు వాళ్లది, నియమం వాళ్లది" అంటారు. ఈ మాటను మనం గుర్తు పెట్టుకుందాం.

ఆ మైదానంలో మూడో మనిషి కూడా ఉంటాడు. అతను క్యాడీ. కర్రల సంచీ భుజాన వేసుకుని నడుస్తాడు, బంతి ఎటు పడిందో వెతికి చూపిస్తాడు, గాలి ఎటు వీస్తోందో చెప్తాడు. ఆ నేల గురించి అందరికంటే ఎక్కువ తెలిసింది అతనికే. కానీ అతను మెంబరు కాదు, విజిటరూ కాదు. చాలా క్లబ్బుల్లో మైదానానికి సెలవైన రోజునే క్యాడీలను ఆడుకోనిస్తారు. ఢిల్లీలో అట్లా క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. నేల తెలిసినవాడి చేతికి కర్ర ఇస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి ఆ ఒక్క సంగతి చాలు.

ఇక చుట్టాల్లోనూ ఎవరు చుట్టమో, ఎవరు కారో తేల్చేది ఏమిటి? 2017 జూన్‌లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బుకు మేఘాలయకు చెందిన ఒక ఖాసీ మహిళ భోజనానికి వెళ్లింది. మెంబరు ఆహ్వానం మీదే వెళ్లింది. ఒంటి మీద ఖాసీల సంప్రదాయ వస్త్రం జైన్‌సెమ్ ఉంది. అక్కడి సిబ్బంది ఆమె బట్టలు పనిమనిషి బట్టల్లా ఉన్నాయని చెప్పి భోజనాల గదిలోంచి లేచి వెళ్లమన్నారు. దేశమంతా గొడవయ్యాక క్లబ్బు విచారం ప్రకటించింది. ఆ క్లబ్బు నడిచేది ప్రభుత్వం లీజుకిచ్చిన భూమి మీద. ప్రజల భూమి మీద కూర్చున్నవాళ్లకు ఒక ఆదివాసీ కట్టు చుట్టం బట్టలా కనబడలేదు. ఆమెలో వాళ్లకు కనబడింది క్యాడీయే.

భూమి ఎవరిదన్న లెక్కే తారుమారైనప్పుడు ఈ చుట్టరికం ఇంకా వికారంగా మారుతుంది. మన హైదరాబాద్‌లోనే గోల్కొండ కోటలో భాగమైన నయా ఖిల్లాలో గోల్ఫ్ మైదానం ఉంది. కుతుబ్ షాహీల కాలపు కట్టడాలను, అక్కడి పురాతన బావోబాబ్ చెట్టును చూడబోయేవాళ్లు ఆట మైదానం పక్కనుంచి ఒదిగి పోవలసి వస్తోందని చరిత్రను ప్రేమించేవాళ్లు ఏళ్ల తరబడి అంటూనే ఉన్నారు. కోట అందరిదీ. విజిటర్లయింది మాత్రం ఆ అందరే.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో నూవర్క్ అనే ఊరుంది. అక్కడ రెండు వేల ఏండ్ల కిందట ఆ నేల ఆదివాసులు మట్టితో పెద్ద ఎనిమిది పలకల ప్రాంగణం కట్టారు. చంద్రోదయం 18.6 ఏండ్లకోసారి ఉత్తరపు కొసకు చేరుతుంది. ఆ చోటికి సూటిగా గురి పెట్టి కట్టిన కట్టడం అది. కాగితం, కలం లేకుండా తరాల తరబడి ఆకాశాన్ని చూసి లెక్క గట్టినవాళ్ల పని. ఒహాయోలో ఉన్న షానీ వంటి తెగలను 1830 తర్వాత బలవంతంగా పడమటికి తరిమేశారు. ఆ మట్టికట్టల మధ్య 1910ల నుంచి ఒక గోల్ఫ్ క్లబ్బు వెలిసింది. వందేండ్లకు పైగా మెంబర్లు అక్కడ బంతులు కొట్టుకున్నారు. ఆ తెగల మనుషులు, మామూలు జనం ఆట లేకుండా ఆ ప్రాంగణమంతా తిరిగి చూడటానికి ఏడాదిలో నాలుగు రోజులు దొరికేవి. మిగతా రోజుల్లో ఒక పక్కన నిలబడి చూసి పోవాలి. వాళ్లెవరైనా లోపలికి వస్తే మెంబర్లకు ఆట చెడిపోయేది! చివరికి 2022లో ఒహాయో సుప్రీం కోర్టు క్లబ్బుకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. 2023లో యునెస్కో ఆ కట్టడాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2025 జనవరి 1న గేట్లు జనానికి తెరుచుకున్నాయి.

కెనడాలో ఇంకా ముందే రక్తం చిందింది. క్యూబెక్‌లోని ఓకా ఊరి దగ్గర 9 గుంతల గోల్ఫ్ మైదానాన్ని 18 గుంతలకు పెంచాలని 1990లో తలపెట్టారు. అందుకు మోహాక్ తెగవాళ్ల దేవదారు తోపును తీసుకోవాలన్నారు. ఆ తోపు పక్కనే వాళ్ల పెద్దల సమాధులున్నాయి. మోహాక్‌లు దారికి అడ్డం నిలబడ్డారు. 78 రోజుల పాటు మోహరింపు నడిచింది, సైన్యం దిగింది, ఒక పోలీసు అధికారి ప్రాణం పోయింది. మైదానం పెంచే పని ఆగిపోయింది. కొద్దిమంది సెలవురోజు ఆట కోసం ఒక జాతి సమాధులను తవ్వబోవడం ఆ దేశానికి మొదట్లో తప్పుగా తోచలేదు.

ఇప్పుడు మన గడప దగ్గరికి వద్దాం. దేశంలో ఎక్కడైనా తిరిగే హక్కు, ఉండే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చిన మాట నిజం. మనల్ని నిలదీసేవాళ్లు అక్కడే ఆగిపోతారు. అదే అధికరణంలో 5వ క్లాజు ఉంది. షెడ్యూల్డు తెగల ప్రయోజనాల రక్షణ కోసం ఆ హక్కుల మీద సమంజసమైన పరిమితులు పెట్టవచ్చని అది చెప్తుంది. అంటే మనం గీసుకున్నామంటున్న గిరి రాజ్యాంగం రాసిన రోజు నుంచే ఉంది. అయిదో షెడ్యూలు ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనులకు, గిరిజన సహకార సంఘాలకు తప్ప ఇంకెవరికీ బదిలీ కాకూడదని 1/70 చెప్తుంది. 1988లో సుప్రీం కోర్టు దాన్ని సమర్థించింది. ఏజెన్సీలో ప్రభుత్వం కూడా తన భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని 1997లో సమత కేసు తీర్పు చెప్పింది. భూసేకరణకు ముందు గ్రామసభతోనో పంచాయతీతోనో సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెప్తుంది.

ఇవన్నీ కలిపి చూస్తే ఏమున్నాయి? రండి, ఉండండి, బతకండి, భూమిని మాత్రం పట్టుకోకండి, మమ్మల్ని అడగకుండా ఏదీ తీసుకోకండి అన్న మాటే కదా. గోల్ఫ్ క్లబ్బు తన విజిటరుకు పెట్టే షరతుల్లో ఇది సగం కూడా కాదు. మనం చొక్కా కాలరు చూడలేదు. గేటు దగ్గర ఫీజు అడగలేదు. అయినా క్లబ్బు నియమం సంప్రదాయమంటారు, మన నియమం అభివృద్ధికి అడ్డంకి అంటారు.

జార్ఖండ్‌లోని ఖుంటి జిల్లాలో 2017, 2018 సంవత్సరాల్లో ముండా ఆదివాసులు ఊరి పొలిమేరల్లో రాళ్లు పాతి, రాజ్యాంగంలో తమ హక్కుల మాటలు చెక్కారు. బయటివాళ్లు గ్రామసభ అనుమతితో రావాలని రాశారు. దాన్ని పత్థల్‌గడి అన్నారు. ఆ రాతల్లో కొన్నిటి అర్థం మీద వాదించవచ్చు. కానీ ప్రభుత్వం వాదించలేదు, రాజద్రోహం కేసులు పెట్టింది. 2019 డిసెంబరులో కొత్త ప్రభుత్వం వచ్చాక ఆ కేసులు ఎత్తేస్తామని ప్రకటించింది. "మెంబర్లకు మాత్రమే" అని ఇత్తడి పలక మీద రాసి గేటుకు బిగిస్తే అది మర్యాద. అదే మాట రాతి మీద చెక్కి ఊరి బయట పాతితే రాజద్రోహం. పలకను బట్టి చట్టం మారుతుందా, పాతిన చేతిని బట్టి మారుతుందా?

మన ములుగు జిల్లాలోనే మంగపేట మండలంలో 23 గ్రామాలు షెడ్యూల్డు ప్రాంతం కావని గిరిజనేతరులు దశాబ్దాల పాటు కోర్టుల్లో కొట్లాడారు. 2023 జూలైలో హైకోర్టు అవి షెడ్యూల్డు ప్రాంతమేనని తేల్చింది. చుట్టంచూపుగా వచ్చినవాడు ఇంటి యజమానినే "నీ కాగితమేది?" అని అడగడమంటే ఇదే. తీర్పు మన వైపు వచ్చింది. ఆ తీర్పు కోసం మనవాళ్లు ఎన్నేండ్లు కోర్టు మెట్లెక్కారో కూడా మరవొద్దు.

వాజేడులో బొగత జలపాతం చూడటానికి వానాకాలమంతా కార్లు బారులు తీరుతాయి. రానీయండి, మన నీళ్ల అందం చూసి పోనీయండి. కానీ అక్కడ టికెట్టు ఎంత ఉండాలో, ఆ డబ్బు దేనికి ఖర్చు కావాలో, ఎన్ని బండ్లు రావొచ్చో ఏ గ్రామసభ తీర్మానించింది? మన పిల్లలు ఆ దారిలో మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముతారు, బండ్లకు కాపలా ఉంటారు, పారేసిన సీసాలు ఏరుతారు. మెంబరు ఎవరో తెలియదు, విజిటర్లు వేలల్లో ఉన్నారు, మనం మాత్రం సంచీ మోసే క్యాడీలమయ్యాం. మన ఫిర్యాదు బయటివాడు వచ్చాడని కాదు, మన నేల మీద మనకు ఆ మూడో చోటే మిగిలిందని.

"మరి మీ పిల్లలు వరంగల్ వచ్చి చదువుకోవడం లేదా?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. వస్తున్నారు. అద్దె ఇల్లు అడిగితే ముందు ఊరు, తర్వాత కులం అడిగించుకుంటున్నారు. నగరం నియమాలకు తలొగ్గి ఉంటున్నారు. ఆ అద్దె గదిని రాత్రికి రాత్రి తమ పేర ఎవరూ రాయించుకోలేదు. చుట్టం ఎట్లా ఉండాలో మనకు తెలుసు.

చుట్టాన్ని ఎట్లా చూసుకోవాలో కూడా తెలుసు. రెండేండ్లకోసారి మాఘమాసంలో మేడారానికి లక్షల జనం వస్తారు. అక్కడ మెంబరు కార్డు లేదు. కులం అడిగేవాడు లేడు, మతం అడిగేవాడు లేడు. తూకం వేసి బెల్లం ఇచ్చినవాడూ, చేతిలో చిన్న ముక్క పట్టుకొచ్చినవాడూ జంపన్నవాగులో ఒకే నీళ్లలో మునుగుతారు. ఒకే ఒక్క గిరి ఉంది. చిలకలగుట్ట ఎక్కి సమ్మక్కను తెచ్చేది కోయ వడ్డెలే, ఇంకెవరూ ఎక్కరు. ఆ గుట్ట దిగివచ్చే అమ్మకు జిల్లా ఎస్పీ తుపాకీ పేల్చి స్వాగతం చెప్తాడు. అన్ని లక్షల మందిలో ఎవరూ దాన్ని అవమానమనుకోలేదు. అన్నీ అందరికీ తెరిచి, ఒక్కటి మనకు ఉంచుకోవడం ఎంత పెద్ద మనసో వచ్చినవాళ్లకే తెలుసు. 1/70 అడిగేది కూడా అట్లాంటి ఒక్క గుట్టనే.

కాబట్టి గోల్ఫ్ క్లబ్బులాగా గేటు పెట్టుకుందామని మేము అనడం లేదు. క్లబ్బు నుంచి ఒక్కటే నేర్చుకుందాం. చుట్టానికి నియమం చెప్పగలిగినవాడే ఇంటివాడు.

టీచర్లకు మా విన్నపం: 19వ అధికరణం పాఠం చెప్పే రోజున 5వ క్లాజు దాకా చెప్పండి, మధ్యలో పుస్తకం మూయకండి. పెసా చట్టాన్ని పిల్లలకు మన భాషలో, మన ఊరి ఉదాహరణలతో చెప్పండి. యువతీ యువకులకు మా మాట: మీ గ్రామసభ రిజిస్టరు ఎవరి ఇంట్లో ఉందో ఈ నెలలోనే కనుక్కోండి. కిందటి తీర్మానాలు చదవండి. మీ సంతకాలు మీరు లేకుండానే పడ్డాయేమో చూడండి. రిసార్టు గురించైనా, రోడ్డు గురించైనా, టికెట్టు గురించైనా వచ్చే సభకు పదిమంది కలిసి పోయి కూర్చోండి. "బయటివాళ్లు, లోపలివాళ్లు అనడమేంది?" అని మళ్లీ ఎవరైనా అడిగితే తల వంచుకోకండి. ఏ గోల్ఫ్ క్లబ్బు గేటు దగ్గరికైనా పోయి అదే ప్రశ్న అడిగి రమ్మనండి. అక్కడ ఏం జవాబు వస్తే అదే మన జవాబు.