కుర్చీలు మారిన సీజన్

మా టీమ్ లీడ్‌ని తీసేశారని ఆ రోజు క్యాంటీన్‌లో తెలిసినప్పుడు, దాచడం ఎందుకు, నాకు కొంచెం హ్యాపీగానే అనిపించింది.

తీసేయడం అంటే ఉద్యోగంలోంచి కాదు. ప్రాజెక్ట్ నుంచి తప్పించి రిక్రూట్‌మెంట్ వైపు పంపారు. ఇకనుంచి ఇంటర్వ్యూలు చూసుకోమన్నారు. ఆయన్ని మేమంతా 'అన్న' అనేవాళ్లం. చాలా మంచి మనిషి. అదే ప్రాబ్లం. తొమ్మిదిన్నర స్టాండప్‌కి పదింటికి వచ్చినా ఏమీ అనడు. రిలీజ్ జారిపోయినా "పర్లేదురా, చూద్దాం" అంటాడు. మా స్టేటస్ రిపోర్ట్‌లో రెడ్ తప్ప ఇంకో రంగు చూసి ఏడాది దాటింది.

ఆయన ప్లేస్‌లో ఒక మేడం వచ్చారు. మొదటి రోజే రూల్ పెట్టారు. లేటుగా వచ్చినోళ్లు ఆ రోజు టీమ్ మొత్తానికి టీ కొనాలి. మొదటి వారంలో నేనే మూడుసార్లు కొన్నాను. మూడు నెలలు తిరిగేసరికి రిపోర్ట్ గ్రీన్ అయింది. మేమంతా పార్టీ చేసుకున్నాం. ఆ పార్టీకి అన్నని పిలవాలని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఈ సంగతి నేను మర్చిపోయేవాడినే. కానీ దాదాపు అరవై ఏళ్ల కిందటి ఒక బాస్కెట్‌బాల్ టీమ్ వచ్చి గుర్తుచేసింది.

మా క్లయింట్ న్యూయార్క్‌లో ఉంటాడు. అటువైపు కాల్‌లో ఉండే పెద్దాయన ఒకాయనకి నిక్స్ పిచ్చి. మనకి క్రికెట్ ఎలాగో ఆయనకి న్యూయార్క్ నిక్స్ అలాగ. ఒక రాత్రి డిప్లాయ్‌మెంట్ ఇరుక్కుపోయి ఇద్దరం ఖాళీగా కూర్చున్నాం. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "మీ టీమ్‌లో మీకు ఇష్టమైన సీజన్ ఏది?" అని అడిగా. కప్పు కొట్టిన సీజన్ చెప్తాడనుకున్నా. ఆయన 1967-68 అన్నాడు. ఆ సీజన్‌లో నిక్స్ గెలిచిన కప్పేమీ లేదు. డిప్లాయ్‌మెంట్ అయిపోయాక కూడా తెల్లారేదాకా దాని గురించే చదువుతూ కూర్చున్నా.

ఏడేళ్లు ఆఖర్నే

ముందు వాళ్ల దరిద్రం ఎంతో చెప్పాలి. 1959-60 నుంచి 1965-66 దాకా వరసగా ఏడు సీజన్లు నిక్స్ తమ డివిజన్‌లో ఆఖరి ప్లేస్. మధ్యలో 1962 మార్చి 2న హెర్షీ అనే ఊళ్లో విల్ట్ చాంబర్లిన్ అనే ఆటగాడు ఒక్కడే ఒక్క మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టాడు. ఎన్‌బీఏ చరిత్రలో చెక్కుచెదరని రికార్డు అది. ఆ 100 ఎవరి మీద కొట్టాడనుకుంటున్నారు? నిక్స్ మీదే. స్కోరు 169-147.

ఆ రోజు నిక్స్ కోచ్ ఎడ్డీ డానవన్. మన దగ్గరైతే ఆ రాత్రే ఆయన మీద మీమ్స్ మొదలై ఆయన కెరీర్ అక్కడితో క్లోజ్ అయ్యేది. కానీ ఆ డానవనే తర్వాత జనరల్ మేనేజర్ కుర్చీలో కూర్చున్నాడు. కోచ్‌గా ఓడిపోతూనే ఉన్న మనిషి, టీమ్ కట్టడంలో మాత్రం దిట్ట అని అక్కడ తేలింది.

అమెరికాలో ఐపీఎల్ లాగా వేలం ఉండదు. కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్లని టీములు వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. బాగా ఓడిన టీములకి ముందు వంతు. అంటే బ్యాక్ బెంచ్ వాళ్లకి ముందు వడ్డిస్తారన్నమాట. 1964లో మొత్తం డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పిక్ నిక్స్‌దే. జిమ్ బార్న్స్ అనే కుర్రాణ్ని తీసుకున్నారు. రెండో రౌండ్‌లో లూసియానాలోని గ్రాంబ్లింగ్ కాలేజీ నుంచి విల్లిస్ రీడ్ అనే ఇంకొకణ్ని తీసుకున్నారు. మొదటి పిక్‌ని ఏడాదిన్నర తిరక్కుండానే వేరే టీమ్‌కి ఇచ్చేశారు. రెండో రౌండ్ కుర్రాడు మొదటి ఏడాదే 'రూకీ ఆఫ్ ద ఇయర్' అయ్యాడు. క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో మొదటి రోజు సెలెక్ట్ కాలేదని ఏడ్చినోళ్లు ఈ పాయింట్ దాచిపెట్టుకోండి.

1966లో క్యాజీ రసెల్. 1967లో వాల్ట్ ఫ్రేజియర్, ఫిల్ జాక్సన్. ఇద్దరూ పెద్ద పేరున్న కాలేజీల వాళ్లు కాదు. ఫ్రేజియర్ సదరన్ ఇల్లినాయ్, జాక్సన్ నార్త్ డకోటా. ఇలాంటి కాలేజీలకి వెళ్లి కుర్రాళ్ల ఆట చూసి నోట్స్ రాసుకొచ్చే ఉద్యోగాన్ని స్కౌట్ అంటారు. నిక్స్‌కి పదేళ్లుగా ఆ పని చేస్తున్నాయన రెడ్ హోల్జ్‌మన్.

హోల్జ్‌మన్ గతం కూడా చెప్పాలి. అంతకుముందు ఆయన సెయింట్ లూయిస్ హాక్స్ అనే టీమ్‌కి కోచ్. 1957లో సీజన్ మధ్యలో తీసేశారు. ఆ తర్వాతి సీజన్‌లోనే, 1958లో, ఆ టీమ్ చాంపియన్ అయింది. ఊహించుకోండి. మీరు రిజైన్ చేశాక మీ పాత స్టార్టప్ యూనికార్న్ అయితే ఎలా ఉంటుందో. ఆ మనిషి మళ్లీ కోచ్ కుర్చీ అడగలేదు. బ్యాగ్ సర్దుకుని ఊళ్లు తిరుగుతూ కుర్రాళ్లని వెతుక్కున్నాడు.

డిసెంబర్‌లో కుర్చీల మార్పిడి

1967-68 సీజన్ మొదలైనప్పుడు నిక్స్ కోచ్ డిక్ మెక్‌గ్వైర్. పాతకాలపు నిక్స్ ఆటగాడే. పాస్‌లు ఇవ్వడంలో గొప్ప పేరు. నెమ్మదస్తుడు. చేతిలో మంచి కుర్రాళ్లు ఉన్నారు కానీ టీమ్ కుదరట్లేదు. డిసెంబర్ చివరికి 15 గెలుపులు, 22 ఓటములు.

అప్పుడు మేనేజ్‌మెంట్ చేసిన పని ఇది. కోచ్ మెక్‌గ్వైర్‌ని స్కౌట్ చేసింది. స్కౌట్ హోల్జ్‌మన్‌ని కోచ్ చేసింది. ఎవరినీ ఇంటికి పంపలేదు. కుర్చీలు మార్చిందంతే.

హోల్జ్‌మన్ రావడంతోనే క్రమశిక్షణ మొదలైంది. లేటైతే ఫైన్. ప్రాక్టీస్ అంటే పరుగులు, డిఫెన్స్. ఆయన చెప్పే పాఠాలు రెండే రెండు. డిఫెన్స్‌లో ఉన్నప్పుడు బంతి మీంచి కళ్లు తీయకు. బంతి నీ చేతిలో ఉంటే ఖాళీగా ఉన్నోడికి ఇవ్వు. అయిపోయింది సిలబస్. పాయింట్లు ఎవరు కొట్టారన్నది కాదు, ఎవరు ఖాళీగా ఉన్నారన్నదే లెక్క.

అంతవరకు కుదురుకోలేక తంటాలు పడుతున్న ఫ్రేజియర్‌కి అవకాశాలు పెరిగాయి. ఆ కుర్రాడు ఏం చేయగలడో హోల్జ్‌మన్‌కి ముందే తెలుసు. పదేళ్లు ఊళ్లు తిరిగి నోట్స్ రాసిన మనిషి కదా. సీజన్ మధ్యలో, 1968 ఫిబ్రవరిలో, స్టేడియం కూడా మారింది. పాత మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్ వదిలి పెన్ స్టేషన్ పైన కట్టిన కొత్త గార్డెన్‌లోకి వెళ్లారు. ప్రొడక్షన్ నడుస్తుండగానే సర్వర్ మైగ్రేషన్ లాంటి పని.

హోల్జ్‌మన్ కింద రికార్డు 28 గెలుపులు, 17 ఓటములు. మొత్తం కలిపి 43-39. తొమ్మిదేళ్లలో ఓటముల కన్నా గెలుపులు ఎక్కువున్న మొదటి సీజన్. ప్లేఆఫ్స్‌లో డిఫెండింగ్ చాంపియన్ ఫిలడెల్ఫియా ఎదురైంది. ఆ టీమ్‌లో ఎవరున్నారో తెలుసుగా, 100 కొట్టిన చాంబర్లినే. నాలుగు-రెండు తేడాతో ఓడిపోయారు. సీజన్ అంతే. ట్రోఫీ లేదు, ఊరేగింపు లేదు.

మరి పెద్దాయనకి ఈ సీజనే ఎందుకు ఇష్టం? ఆయన చెప్పింది నా మాటల్లో: చాంపియన్ అయిన రోజు అందరికీ కనిపిస్తుంది. చాంపియన్ అవ్వడం మొదలైన రోజు మాత్రం ఎవరికీ కనిపించదు. ఆయనకి అది కనిపించింది, అప్పుడు ఆయన స్కూల్లో చదువుతున్నాడు.

తప్పు చోట ఉన్నోళ్లు

ఈ కథలో నాకు బాగా తగిలింది రీడ్ సంగతి. అతను పుట్టుకతో సెంటర్ ఆటగాడు. బుట్ట కింద నిలబడి కోట కాపలా కాసే పొజిషన్ అది. కానీ 1965లో వాల్ట్ బెల్లమీ అనే ఇంకో సెంటర్‌ని తెచ్చారు. ఇద్దరూ కొండల్లాంటి వాళ్లే. దాంతో రీడ్‌ని ఫార్వర్డ్‌గా పక్కకి జరిపారు. మూడేళ్లు తనది కాని చోట ఆడాడు. బాగానే ఆడాడు, స్టార్ కూడా. కానీ టీమ్ మాత్రం ఎక్కడో ఇరుక్కునే ఉంది.

1968 డిసెంబర్ 19న బెల్లమీనీ హోవర్డ్ కొమైవ్స్‌నీ డెట్రాయిట్‌కి ఇచ్చి డేవ్ డెబుషర్‌ని తీసుకున్నారు. డెబుషర్ అసలు సిసలు ఫార్వర్డ్. రీడ్ తన చోటుకి, సెంటర్‌కి, వచ్చేశాడు. అంతకుముందు ఆ సీజన్‌లో రికార్డు 18-17. ఆ తర్వాత 36-11.

బిల్ బ్రాడ్లీ కథా అదే. ప్రిన్స్‌టన్ హీరో, ఆక్స్‌ఫర్డ్‌లో చదువు ముగించుకుని 1967 డిసెంబర్‌లో టీమ్‌లోకి వచ్చాడు. న్యూయార్క్ మొత్తం అతని కోసమే ఎదురుచూసింది. గార్డ్ పొజిషన్‌లో ఆడించారు. అక్కడ కావాల్సిన వేగం అతనిలో లేదు. 1969 జనవరిలో క్యాజీ రసెల్ చీలమండ విరిగితే అతని ఫార్వర్డ్ చోటు బ్రాడ్లీకి వచ్చింది. అప్పుడు గానీ కుదురుకోలేదు. ఆ తర్వాత ఆయనే మన తెలుగువాళ్లు బోలెడుమంది ఉండే న్యూజెర్సీకి 18 ఏళ్లు సెనేటర్‌గా చేశాడు.

1970 మే 8న నిక్స్ మొదటిసారి చాంపియన్ అయింది. తొడ గాయంతో కుంటుకుంటూ వచ్చిన రీడ్ మొదటి రెండు బుట్టలు వేశాడు. మ్యాచ్ మొత్తంలో అతనివి ఆ 4 పాయింట్లే. ఫ్రేజియర్ 36 పాయింట్లు, 19 అసిస్ట్‌లు. ఆ వీడియో యూట్యూబ్‌లో ఉంటుంది, చూడండి.

మెక్‌గ్వైర్ ఏమయ్యాడని మీలో ఎంతమంది అనుకున్నారు? నేనూ ముందు అనుకోలేదు. ఆయన నిక్స్‌లోనే దశాబ్దాల పాటు ఉండిపోయాడు. ఆటగాడిగా ఆయన వేసుకున్న 15 నంబర్ జెర్సీ ఇవాళ గార్డెన్ పైకప్పుకి వేలాడుతోంది. పక్కనే హోల్జ్‌మన్ పేరుతో 613 అనే అంకె ఉంటుంది. అది నిక్స్ కోచ్‌గా ఆయన గెలిచిన మ్యాచ్‌ల లెక్క. కుర్చీలు మార్చుకున్న ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్నారు.

నా పొజిషన్

ఇప్పుడు నా విషయం. నేను ఈ కంపెనీలో చేరాక నాలుగు నెలలు బెంచ్ మీద ఉన్నాను. బాస్కెట్‌బాల్‌లో బెంచ్ అంటే కనీసం మ్యాచ్ దగ్గర నుంచి కనిపిస్తుంది. ఐటీలో బెంచ్ అంటే రోజూ ఐడీ కార్డు వేసుకుని వెళ్లి, ఇవాళైనా పిలుస్తారా, లేకపోతే మానెయ్యమంటారా అని చూస్తూ కూర్చోవడం. ఇంట్లో అమ్మకి మాత్రం "ఫుల్ బిజీ" అని చెప్పేవాణ్ని. అక్కడి నుంచి నన్ను తన టీమ్‌లోకి తీసుకుంది అన్నే. నాకొచ్చింది కోడింగ్, ఖాళీ ఉంది టెస్టింగ్‌లో. రెండేళ్లు అందులోనే ఉన్నా. బాగానే చేశా. కానీ నా చోటు కాదది.

కొత్త మేడం వచ్చిన రెండో నెలలో నన్ను డెవలప్‌మెంట్‌కి మార్చారు. ఈ మధ్యే, నిక్స్ కథ చదివిన మర్నాడే, థ్యాంక్స్ చెబుదామని వెళ్లా. ఆవిడ నవ్వారు. "నాకెందుకు చెప్తున్నావు? మీ గురించి నాకేం తెలుసు అప్పటికి? హ్యాండోవర్ నోట్‌లో ఆయన రాశారు. ఒక్కొక్కరి గురించి పేజీ చొప్పున. నీ పేజీలో మొదటి లైనే, ఈ అబ్బాయిని టెస్టింగ్‌లోంచి తియ్యండి, నావల్ల కాలేదు అని."

నావల్ల కాలేదు. ఆ మాట దగ్గర ఆగిపోయాను.

మా టీమ్ గ్రీన్ అవడంలో మేడం కష్టం ఉంది, కాదనను. టీ రూల్ లేకపోతే నేను ఇప్పటికీ పదింటికే వచ్చేవాణ్ని. కానీ ఆ తొమ్మిదిమందినీ ఏరి తెచ్చింది ఎవరు? నడపడం చేతకానివాడికి మనుషుల్ని గుర్తుపట్టడం చేతకాదని ఎవరు చెప్పారు? ఒక కుర్చీలో ఫెయిలైన మనిషిని మనం మొత్తం మనిషే ఫెయిల్ అని ఫిక్స్ అయిపోతాం.

ఎనిమిది నెలల తర్వాత మొన్న ఆదివారం అన్నకి ఫోన్ చేశా. ఎలా మొదలుపెట్టాలో రిహార్సల్ కూడా చేసుకున్నా. అవసరం రాలేదు. ఎత్తగానే, "ఏరా, రిలీజ్ టైమ్‌కి వెళ్లిందా?" అన్నాడు. వెళ్లిందన్నా అని చెప్పా. "డెవలప్‌మెంట్ ఎలా ఉంది?" అన్నాడు. బాగుందన్నా. సారీ అని కూడా చెప్పా. దేనికో ఆయన అడగలేదు.

ఈ వారం కొత్త బ్యాచ్ ఇంటర్వ్యూలు చేస్తున్నాడట. ఒక కుర్రాడు దొరికాడు, మార్కులు తక్కువే గానీ చూస్తూ ఉండు అన్నాడు. గొంతులో ఆ ఉత్సాహం ప్రాజెక్ట్‌లో ఉన్న మూడేళ్లలో నేనెప్పుడూ వినలేదు.

మీక్కూడా ఇలాంటి అన్నో అక్కో ఒకరు ఉండే ఉంటారు. నంబర్ ఫోన్‌లోనే ఉంటుంది. ఈ పేజీ మూసేసి ఒకసారి చూడండి. వచ్చే వారం కలుద్దాం.