ఆరోగ్య విషయములు: జాడ తెలుపు మందు



కంఠము ముందరి భాగమున సీతాకోకచిలుక యాకారముతో నుండు థైరాయిడు గ్రంథికి కలుగు వ్యాధులు పురుషులకంటె స్త్రీలకే హెచ్చు. ఆ గ్రంథిని పరీక్షించుటకై వైద్యులు ఒక్కొక్కప్పుడు రేడియోధార్మిక పదార్థమును సూదిమందుగా నిచ్చి, పిదప నొక యంత్రము క్రింద పరుండబెట్టుదురు. ఆ పేరు వినినంతనే కొందరు భయపడి పరీక్షనే మానుకొందురు. మఱికొందరు ఏమియు నడుగక, ఏమియు చెప్పక తల యొగ్గుదురు. ఈ రెండును తగవు.

ఇందలి కీలకము సులభమైనది. థైరాయిడు గ్రంథి మన యాహారమందలి అయొడినును తనవైపు లాగుకొనును. కిరణములను వెలువరించు అయొడినును రవ్వంత లోనికి పంపినచో, గ్రంథి ఈ రెంటికిని భేద మెఱుగక ఒక్కరీతినే గ్రహించును. బయటనున్న యంత్రము ఆ కిరణములను పట్టి, గ్రంథి యెచట చుఱుకుగా పనిచేయుచున్నదో, యెచట మందగించినదో చిత్రముగా చూపును. ఇట్లు జాడ తెలుపు పదార్థమునకు ట్రేసరు అని పేరు.

ఈ యుపాయమును కనిపెట్టినవాడు హంగెరీ దేశీయుడగు జార్జి హెవెసీ. 1911 ప్రాంతమున ఆయన ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున నొక పూటకూళ్లయింట భోజనము చేయుచుండెను. పళ్లెములలో మిగిలినదానినే యజమానురాలు మరల వండి వడ్డించుచున్నదని యాయనకు సందేహము కలిగెనట! ఒకనాడు తాను మిగిల్చిన దానిలో రేడియోధార్మిక పదార్థమును కొంచెము కలిపి, కొన్ని దినములకు వచ్చిన వంటకమును పరికరముతో పరీక్షింపగా గుట్టు బయటపడెనని కథగా చెప్పుదురు. 1923లో ఆయన ఈ పద్ధతినే మొక్కలపై ప్రయోగించి, అవి సీసమును వేళ్లనుండి యెట్లు పైకి కొనిపోవునో చూపెను. ఆయనకు 1943వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లభించెను.

నేడు పరీక్షలకు హెచ్చుగా వాడునది టెక్నీషియం-99ఎం. దీనిని కూడ గ్రంథి అయొడినువలెనే లాగుకొనును. దీని బలము 6 గంటల కొకమారు సగమగును. ఉదయము 6 గంటల కిచ్చిన మందు మధ్యాహ్నమునకు సగము, సాయంకాలమునకు పాతిక, మరునాటి యుదయమునకు పదునాఱవ వంతు మాత్రమే మిగులును. కొంత మూత్రముతో ముందే వెడలిపోవును.

కొలతలు రెండు గలవు. లోనికి పోయిన మందు బలము తెలుపునది బెకరెల్. దానివలన శరీరమునకు తగిలిన దెంతయో తెలుపునది సీవర్టు. పొయ్యిలో మండు కట్టెలెన్ని యనుట యొకటి, ఎదుట కూర్చున్నవారికి తగిలిన సెగ యెంత యనుట మఱియొకటి. నేల, ఆకాశము, గాలి, ఆహారము వీనినుండి ప్రతి మనుష్యునకును ఏటేట సగటున సుమారు 2.4 మిల్లీసీవర్టులు సహజముగనే సోకుచుండును. టెక్నీషియముతో చేయు థైరాయిడు పరీక్షవలన కలుగునది సాధారణముగా 1 మొదలు 3 మిల్లీసీవర్టులు. కావున అవసరమగు పరీక్షను భయముచే మానుట యవివేకము. అవసరము లేనిదానిని కోరుటయు నట్టిదే.

అయితే థైరాయిడు చికిత్సలో వాడు అయొడిన్-131 మాట వేఱు. దాని బలము సగమగుటకు 8 దినములు పట్టును. అతిగా పనిచేయు గ్రంథి నణచుటకును, కొన్ని థైరాయిడు కాన్సరులకును దానిని పెద్ద మోతాదున నిత్తురు. గర్భమందలి శిశువు గ్రంథి 10, 12 వారములనాటికే అయొడినును గ్రహింప నారంభించును. తల్లి పుచ్చుకొన్న మందు శిశువును చేరి, ఆ లేత గ్రంథిని నశింపజేయవచ్చును. అది చనుబాలలోనికిని దిగును. కనుక గర్భిణికి ఆ మందు కూడదు. బాలిచ్చు తల్లి ఆ బిడ్డకు పాలు పూర్తిగా మాన్పించిన పిమ్మటనే దానిని పుచ్చుకొనవలెను. చికిత్స తరువాత సామాన్యముగా 6 మాసములవఱకైనను గర్భము రాకుండ జాగ్రత్తపడవలెను. టెక్నీషియం పరీక్షకైనచో పాలను కొన్ని గంటలు మొదలు ఒక దినమువఱకు ఆపిన చాలును. ఎంతసేపన్నది వైద్యుని యడిగి తెలిసికొనుడు.

వైద్యుడు మందును కొలువగలడు, కిరణములను లెక్కింపగలడు. నెల తప్పిన సంగతి, చంటిబిడ్డకు పాలిచ్చుచున్న సంగతి మాత్రము మొదట మనమే చెప్పవలెను. అత్తగారి యెదుటనో, పరాయి పురుషుని యెదుటనో సిగ్గుపడి యూరకుండు కోడండ్రు మన యిండ్లలో గలరు. వెంట వెళ్లు పెద్దలే ముందుగా దగ్గఱకు తీసికొని, మెల్లగా నడిగి తెలిసికొనుట మంచిది. సందేహమున్నను చెప్పుడు. ఆ ఒక్క మాట ఒక బిడ్డను జీవితాంతము కాపాడగలదు.