ఓదార్పు పేరుతో

పేదలకు, బాధితులకు బొమ్మలు గీయడమో కుట్టడమో నేర్పే శిబిరం ఎక్కడ పెట్టినా ముఖ్య అతిథి నోట ఒకటే మాట: కళ వీళ్ల గాయాలు మాన్పుతుంది. గిట్టనివాళ్ల మాటా పాతదే: ముందు అన్నం పెట్టండి, రంగుల సంగతి తర్వాత. పైకి తగాదా పడుతున్నట్టున్నా ఇద్దరి నమ్మకమూ ఒక్కటే, కళంటే ఓదార్పని. ఆ నమ్మకమే తప్పంటాను.

చిలీ సంగతి చూడండి. 1973 సెప్టెంబరు 11న సైన్యం అధికారం లాక్కుంది. సైన్యాధిపతి పినోచెట్ ఏలుబడిలో చంపేసిన, మాయం చేసిన మనుషులు 3,000కు పైనే. భర్తకు పని పోయినవాళ్లు, కొడుకును ఎత్తుకుపోతే జైళ్ల చుట్టూ మార్చురీల చుట్టూ తిరిగినవాళ్లు 1974 నుంచి శాంటియాగోలో చర్చి నీడన కూడి కుట్టడం మొదలుపెట్టారు. గోనెగుడ్డ మీద పాతబట్టల పేలికలు. బొంతలు కుట్టిన మన అమ్మమ్మలకు ఆ పని చూడగానే తెలిసిపోతుంది, బొమ్మలే వేరు. వెనక ఆండీస్ కొండలు, ముందు మూతపడిన ఫ్యాక్టరీ, ఉమ్మడి వంట దగ్గర పిల్లలు, పోలీసు వ్యాను, "ఎక్కడున్నారు?" అని రాసిన అట్ట. అర్పియేరాలంటారు వీటిని.

1976లో కార్డినల్ సిల్వా ఎన్రీకెస్ నెలకొల్పిన 'వికారియా దె లా సోలిదారిదాద్' అనే చర్చి సంస్థ వీటిని కొని విదేశాలకు పంపేది. అక్కడ ప్రవాసులు, హక్కుల సంఘాలవాళ్లు అమ్మిపెట్టేవారు. కుట్టిన చేతికే డబ్బు వచ్చేది, దాంతోనే పొయ్యి వెలిగేది. 'ముందు అన్నం' వాదులకు ఇంకేం జవాబు కావాలి? పత్రికల నోరు నొక్కిన దేశంలో ఏం జరుగుతోందో బయటికి చెప్పిన సాక్ష్యాలు కూడా ఇవి. ఆడవాళ్ల కుట్టుపనే కదా అని మొదట్లో వదిలేసిన ప్రభుత్వం తర్వాత పార్సెళ్లు పట్టుకుంది. దాని కొమ్ముకాసే పత్రికలు దేశం పరువు తీస్తున్నారని తిట్టిపోశాయి. ఊరటనిచ్చే కాలక్షేపమే అయితే ఇంత ఉలుకెందుకు?

ఆ తల్లులకు ఊరట దొరకలేదని కాదు. పక్కపక్కన కూర్చుని కుడుతుంటే గుండె బరువు కొంత దిగే ఉంటుంది. కానీ వాళ్లు వచ్చింది కొడుకు ఆచూకీ కోసం, కూలి కోసం. మనమేమో శిబిరం చివర 'ఇప్పుడెలా ఉంది?' అని ఫారం నింపించి, నవ్వు మొహాలకు ఫొటోలు తీసి పంపేస్తాం. బాధంతా వచ్చినవాళ్ల మనసులోనే ఉన్నట్టు, పెట్టినవాడు ఎక్కడా లేనట్టు! ఏం గీయాలో కూడా నిర్వాహకులదే నిర్ణయం: నెమలి, పల్లె, సూర్యోదయం. ఎవరైనా వడ్డీవ్యాపారి బొమ్మ వేస్తే ప్రదర్శనలో గోడెక్కుతుందా? కూలి మాటే ఎత్తరు. సర్టిఫికెట్ ఇస్తారు, సమోసా ఇస్తారు.

1990లో పినోచెట్ దిగిపోయాక అర్పియేరాల్లో పోలీసు వ్యానులు తగ్గాయి. పంటకోతలు, సంతలు, పండగలు పర్యాటకుల దుకాణాలకెక్కాయి. అందంగానే ఉంటాయి, కాదనను. మన శిబిరాలు మాత్రం నేరుగా ఆ దుకాణంలోనే మొదలవుతున్నాయి.