తాళం తీస్తే సరా, దుకాణం తెరవొద్దూ!

పత్తర్‌గట్టిలో యజమాని వచ్చి షట్టర్ ఎత్తకముందే గుమాస్తా అరుగు మీద కూర్చుని బిల్లులు రాయడం మొదలుపెడితే ఎలా ఉంటుంది? కొన్ని లినక్స్ సర్వర్లు అచ్చం ఆ పనే చేస్తుంటాయి.

అక్కడే ఒక ముత్యాల దుకాణం ఉందనుకుందాం. మేడ మీద గదిలో చిన్న సర్వర్. ఖాతాలు, కొన్నవాళ్ల పాన్ కార్డు నకళ్లు అన్నీ అందులోనే. దొంగ ఆ డబ్బా ఎత్తుకుపోయినా లోపలిది చదవలేకుండా డిస్కుకి ‘లక్స్’ తాళం వేశారు. 2004లో క్లెమెన్స్ ఫ్రూవిర్త్ రూపొందించిన పద్ధతి ఇది. పాస్‌వర్డ్ చెబితేగానీ డిస్కు తెరుచుకోదు.

చిక్కల్లా కరెంటు పోయినప్పుడే. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీలో ఫలక్‌నుమా, హఫీజ్ బాబానగర్ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలాంటి రోజున యూపీఎస్ ఎంతసేపని ఆదుకుంటుంది? కరెంటు వచ్చి సర్వర్ మళ్లీ లేచినా, పాస్‌వర్డ్ తెలిసిన మనిషి మూసీకి అవతలి ఒడ్డున ఉంటాడు.

దీనికి రెండు దారులు. డిస్కు మొత్తానికీ తాళం ఉంటే, సిస్టమ్ పూర్తిగా లేవకముందే ‘డ్రాప్‌బేర్’ అనే బుల్లి ప్రోగ్రామ్ నెట్‌వర్క్‌లో తలుపు తీసి నిలబడుతుంది. ఇంటి నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో అందులోకి వెళ్లి పాస్‌వర్డ్ ఇస్తే మిగతా సిస్టమ్ దానంతటదే లేస్తుంది. అయితే ఆ దశలో వైఫై పనిచేస్తుందని నమ్మకూడదు, కేబుల్ ఉండాల్సిందే.

రెండోది, సిస్టమ్ డిస్కును మామూలుగా వదిలి, ఖాతాల డిస్కుకి మాత్రమే తాళం వేయడం. సులువే. కానీ అసలు ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. ఖాతాల డిస్కు ఇంకా మూసే ఉంటుంది. ఫైళ్లు పంచే ‘సాంబా’ మాత్రం లేచి కూర్చుంటుంది. దానికి కనిపించేది ఖాళీ ఫోల్డర్. కౌంటర్ దగ్గరి కుర్రాడు ఉదయం బిల్లులన్నీ అందులోనే దాస్తాడు. అవి తాళం లేని డిస్కు మీద పడతాయి! మధ్యాహ్నం అసలు డిస్కు తెరిచి అదే ఫోల్డర్ మీద తగిలించగానే పొద్దుటి బిల్లులు మాయం. పోయాయా అంటే పోలేదు, అడుగున ఉన్నాయి. వెతికేవాడికి ఆ సంగతి తోచాలిగా!

కాబట్టి సాంబా, డేటాబేస్ లాంటి సర్వీసులు బూట్‌తోపాటు వాటంతటవి లేవకుండా ముందే ఆపాలి. వాటన్నిటినీ ‘సిస్టమ్‌డి’లో ఒక టార్గెట్ కిందికి చేర్చాలి. ప్రతి సర్వీసులో ‘రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్’ అనే ఒక్క వరుస రాస్తే, ఆ ఫోల్డర్ మీద డిస్కు తగిలేదాకా అది కదలదు. ఇక దూరం నుంచి చేసే పని మూడు ముక్కలు: ‘క్రిప్ట్‌సెటప్’తో తాళం తీయడం, మౌంట్ చేయడం, టార్గెట్‌ను మొదలుపెట్టడం. డేటాబేస్ ముందు, దాని మీద ఆధారపడే బిల్లింగ్ తర్వాత లేచేలా వరుస కూడా అక్కడే చెప్పొచ్చు.

ఇంకో చిన్న ఉపాయముంది. డిస్కు మూసి ఉన్నప్పుడు ఆ ఖాళీ ఫోల్డర్‌కి ‘చాటర్’ ఆదేశంతో మార్పులు నిషేధిస్తే, పొరపాటున కూడా అందులో ఎవరూ ఏమీ రాయలేరు. పై వరుస రాయడం మర్చిపోయినవాళ్లను కూడా ఇది కాపాడుతుంది.

దుకాణం సెలవు రోజున సర్వర్‌ను ఆపి, మళ్లీ వేసి, ఇంటి నుంచే ఈ పనంతా ఒకసారి చేసి చూసుకోవాలి. డ్రాప్‌బేర్ దారిలో వెళ్లేవాళ్లకు ‘కీ మారింది’ అన్న హెచ్చరిక కనిపిస్తే కంగారక్కర్లేదు. దాని కీ వేరు, సిస్టమ్ లేచాక పలికే ఎస్ఎస్‌హెచ్ కీ వేరు. రెండింటికీ వేర్వేరు పోర్టు నంబర్లు ఇచ్చి, రెండు కీలనూ ముందే రాసిపెట్టుకుంటే సరిపోతుంది.